అప్‌డేట్: తెలుగు పదాలతో అమ్మమ్మ ముఖచిత్రం కుదిరింది

అమ్మమ్మ ఫోటోను చూసి, ఫోటోషాప్‌లో తెలుగు పదాలు పేర్చి ఆమె ముఖం కడుతుంటే వత్తులు విడిపోతున్నాయని, కళ్లు ఆనవాలు దొరకడం లేదని ఇంతకుముందు అడిగాను. రెండూ తీరాయి.

వత్తుల తప్పు ఫాంటుది కాదు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ (తెలుగు వంటి లిపులను సరిగ్గా కూర్చే అమరిక) ఎంచుకోగానే 'స్త్రీ', 'జ్యోత్స్న' సరిగ్గా కూర్చున్నాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో అయితే ఈ బెడదే లేదు.

అసలు పని కళ్ల దగ్గర. మొదట ముఖమంతా ఒకే సైజు అక్షరాలు పరిచాను, అదే పొరపాటు. ఇప్పుడు ఫోటోను నలుపు తెలుపు చేసి, పోస్టరైజ్‌తో 4 ఛాయలకు దించాను. అనెక్ తెలుగు అనే ఫాంటులో బరువులు (అక్షరాల మందాలు) చాలా ఉన్నాయి కనుక ముదురు ఛాయకు బాగా లావువి, లేతదానికి సన్నవి వాడి, అన్నిటికన్నా లేత ఛాయను ఖాళీగా వదిలేశాను. ముక్కు, బుగ్గల వెలుగు ఆ ఖాళీలోంచే వస్తుంది. దాన్ని నింపితే ముఖం చదునవుతుంది. ఏ3 కాగితం మీద చెంపలకు 9 పాయింట్లు, కనురెప్పలకు 4.

వరుసల ఎడం తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకి నల్లటి మచ్చ పడుతుంది. అందుకే కళ్లు, పెదవుల దగ్గర వత్తుల్లేని మాటలే పెట్టాను: వీణ, తోట, చదువు, మామిడి. ఈ చిట్కా ఒక్కటే సగం పనిని తీర్చేసింది.

ప్రింటుకు ఇచ్చేముందు అక్షరాలను షేపులుగా మార్చి, ఫైలును గ్రేస్కేల్ (ఒక్క నలుపు ఛాయలే ఉండేలా) చేయండి. నలుపు నాలుగు రంగుల కలయికగా పడితే, ఆ రంగులు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.