స్విచ్చు ఆపినా సీలింగ్ లైటు మసకగా వెలుగుతోంది: లోపం లైటులోనా, వైరింగులోనా?

ప్రశ్న (అంబాజీపేట)

మాది 1990ల మొదట్లో కట్టిన డాబా. హాల్లోనూ మెట్ల దగ్గరా పాత బల్బు హోల్డర్లు తీయించి గుండ్రటి ఎల్‌ఈడీ సీలింగ్ లైట్లు పెట్టించుకున్నాము. హాల్లోని లైటు స్విచ్చు ఆపిన తరువాత కూడా రాత్రంతా మసకగా వెలుగుతూనే ఉంటోంది. పాత బల్బు ఉన్న రోజుల్లో ఇలా ఎన్నడూ లేదు. పై డబ్బాలో ఎరుపు తీగ ఒకటి, నలుపు తీగ ఒకటి మాత్రమే ఉన్నాయి, ఎర్తు తీగ లేదు.

మెట్ల లైటుది వేరే ఇబ్బంది. దానికి కింద ఒకటి, పైన ఒకటి టూ-వే స్విచ్చులున్నాయి (ఒకే లైటును రెండు చోట్ల నుంచీ వేసి ఆపేవి). పై వాటా అద్దెకిచ్చి దానికి విడిగా మీటరు పెట్టించాము. ఈమధ్య మా కింది బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తనంతట తానే ఆపేసే రక్షణ స్విచ్చు) బిగించినప్పటి నుంచి, ఆ లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయి కరెంటు పోతోంది. వానలకు స్లాబు చెమ్మగిల్లిందని కొందరు, లైట్లు నాసిరకమని కొందరు అంటున్నారు. వైర్‌మన్‌ను పిలిచేలోగా ఏమి చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (కొత్తపేట, వైరింగు పని చేసేవారు)

అయ్యా, లైటు మార్చడానికి ముందు స్విచ్చు ఏ తీగను తెంచుతోందో చూడాలి. స్విచ్చు ఫేజులో (కరెంటు వచ్చే తీగలో) ఉండాలి, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే తీగ) నేరుగా లైటుకు పోవాలి. అది తారుమారై స్విచ్చు న్యూట్రల్‌లో పడితే, స్విచ్చు ఆపినా లైటు దగ్గర 230 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. పాత బల్బు అంత చిన్న లీకేజికి వెలగదు కాబట్టి ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. ఎల్‌ఈడీకి ఆ కొద్దిపాటి కరెంటే చాలు. స్విచ్చు ఆపేశాము కదా అని స్టూలెక్కి లైటు విప్పేవారికి షాకు తగిలేది ఇలాంటి ఇళ్లలోనే, కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని నా మనవి.

తీగ రంగును నమ్మవద్దు. పాత పనుల్లో చేతిలో ఏ రంగు చుట్ట ఉంటే అదే లాగేశారు. ముందుగా హాల్లోని మూడు రంధ్రాల సాకెట్టులో టెస్టరు పెట్టి చూడండి. పెద్ద రంధ్రం పైకి ఉండగా, మనకు ఎదురుగా కుడివైపు రంధ్రంలో టెస్టరు వెలగాలి. ఎడమవైపు వెలిగితే తప్పు లైటుది కాదు, ఆ సాకెట్టు దగ్గరో, మెయిన్ దగ్గరో ఫేజు, న్యూట్రల్ తిరగబడ్డాయన్నమాట. గాలివానకు సర్వీసు వైరు తెగి మళ్లీ కలిపినప్పుడు స్తంభం దగ్గరే అవి అటూ ఇటూ అయిపోతే, ఇంట్లోని స్విచ్చులన్నీ ఒక్కసారిగా న్యూట్రల్‌లోకి వెళ్లిపోతాయి. ఇంట్లో ఏ సాకెట్టులో చూసినా ఎడమవైపే వెలుగుతుంటే స్తంభం ఎక్కకండి, కరెంటు ఆఫీసుకు చెప్పండి.

మరొక్క మాట. ఇన్వర్టరు ఉంటే, మెయిన్ ఆపినా దాని మీద ఉన్న లైట్లకు 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. కాబట్టి మెయిన్‌తో పాటు ఇన్వర్టరు కూడా ఆపి, టెస్టరుతో చూసుకున్న తరువాతే డబ్బా మూత తీయాలి.

జవాబు 2 (పాలకొల్లు, విశ్రాంత ఎలక్ట్రికల్ అధ్యాపకులు)

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోని 32వ నియమం కూడా ఎర్తు చేసిన న్యూట్రల్‌లో విడి స్విచ్చు గాని, ఫ్యూజు గాని పెట్టకూడదనే చెప్పింది. న్యూట్రల్‌ను తెంచాలనుకుంటే ఫేజుతో కలిపి ఒకేసారి తెంచే స్విచ్చు ఉండాలి.

అయితే స్విచ్చు ఫేజులోనే ఉన్నా మసక వెలుగు వచ్చే సందర్భాలు రెండు ఉన్నాయి. స్విచ్చులో ఎర్రగా వెలిగే చిన్న నియాన్ దీపం ఉంటే, దాని కొద్దిపాటి కరెంటు లైటు గుండానే దారి వెతుక్కుంటుంది. అలాంటి స్విచ్చు తీసి మామూలుది వేస్తే సరిపోతుంది. రెండవది, ఒకే పైపులో పొడవునా పక్కపక్కనే సాగే తీగల మధ్య ఏర్పడే కెపాసిటెన్సు, అంటే తీగలు తాకకపోయినా ఒకదాని నుంచి మరొకదానికి కొద్దిగా కరెంటు చేరడం. దీనికి లైటు టెర్మినళ్ల మధ్య 275 వోల్టుల ఏసీకి తగిన ఎక్స్2 తరగతి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడతారు. మామూలు కెపాసిటరు మాత్రం వాడరాదు.

టెస్టరు వెలగడం ఒక్కటే రుజువు కాదు, ప్రేరిత వోల్టేజికి (పక్క తీగ ప్రభావంతో వచ్చే వోల్టేజికి) కూడా అది కొద్దిగా వెలుగుతుంది. హోల్డరుకు రెండు తీగలు కట్టిన 60 వాట్ల పాత బల్బే నమ్మదగిన పరీక్ష, ఎందుకంటే ప్రేరిత వోల్టేజి అంత కరెంటు ఇవ్వలేదు. దాన్ని ఫేజుకు, ఎర్తుకు మధ్య పెట్టకండి. పావు ఆంపియరు పైచిలుకు ఎర్తులోకి పోతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతుంది.

జవాబు 3 (అంతర్వేది దగ్గర)

చెమ్మ సంగతిని పూర్తిగా తోసిపుచ్చవద్దు. మా వైపు ఉప్పుగాలికి, పాత ఇళ్లలోని అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టిన చోట తెల్లటి బూజులాంటి పొడి పట్టి, జాయింటు వేడెక్కి టేపు నల్లబడుతుంది. మీ డబ్బాలో తీగ చివర తెల్లగా ఉంటే అది అల్యూమినియమే. అలాంటప్పుడు ఆ పాత తీగ లాగేసి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానితో పాటే ఆకుపచ్చ ఎర్తు తీగ వేయించుకోవడం మేలు. లైటు ఒళ్లు లోహమైతే ఎర్తు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వైర్‌మన్‌తో చూపించాము. సాకెట్టులో కుడివైపే వెలిగింది కానీ, హాలు లైటుకు మాత్రం స్విచ్చు న్యూట్రల్‌లో ఉందని తేలింది. బోర్డులోనే మార్చగానే మసక వెలుగు పోయింది. తీగ రాగిదే. మెట్ల లైటుకు ఫేజు మా బోర్డు నుంచి, న్యూట్రల్ పై వాటా బోర్డు నుంచి వచ్చాయట. రెండు న్యూట్రళ్లనూ కలిపేస్తే సరిపోతుందా?

జవాబు 1 (కొత్తపేట)

కలపవద్దండీ. ఆర్‌సీసీబీ తన గుండా వెళ్లిన కరెంటు, తన గుండానే తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. మీ లైటు కరెంటు పై మీటరు న్యూట్రల్‌లో తిరిగిపోతోంది కనుకే అది పడిపోతోంది. రెండూ కలిపితే ఒక వాటా కరెంటు మరొక వాటా న్యూట్రల్‌లో పంచుకుపోయి, ఆర్‌సీసీబీ ఏ లైటు వేసినా పడిపోవచ్చు. మెట్ల లైటుకు మీ కింది బోర్డు నుంచే కొత్త న్యూట్రల్ లాగించి, పై న్యూట్రల్‌ను అక్కడే తెంచి చివర మూయించండి. కింది టూ-వే స్విచ్చు కామనుకు (రెండు తీగలకూ ఉమ్మడిగా ఉండే టెర్మినలుకు) ఫేజు, రెండు స్విచ్చుల మధ్య రెండు తీగలు, పై స్విచ్చు కామను నుంచి లైటుకు తీగ ఉండాలి. ఆ పై స్విచ్చులో మీ మీటరు కరెంటు ఉంటుంది, పై వాటా వారు తమ మెయిన్ ఆపినా అది పోదు. అందుచేత ఆ బోర్డు మీద “మెట్ల స్విచ్చుకు మెయిన్ కింద ఉంది” అని చెరగకుండా రాయించి పెట్టండి.