ఈ అపార్ట్‌మెంట్ నిబంధనను సంస్థాగత జాతివివక్ష అనవచ్చా?

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంట్ సంఘం, ఈశాన్య రాష్ట్రాల వారికి, ఆఫ్రికా విద్యార్థులకు ఇల్లు అద్దెకిచ్చే యజమాని ముందుగా కమిటీ అనుమతి తీసుకోవాలని, మిగతావారి విషయంలో అద్దె ఒప్పందం నకలు ఇస్తే చాలని తీర్మానించింది. అడిగితే "భద్రత కోసమేనండీ" అంటున్నారు (వంట వాసనల మీద జరిగిన చర్చను మినిట్స్‌లో రాయలేదు లెండి). లండన్‌లో 1993లో జరిగిన స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడి హత్యపై పోలీసులు జరిపిన దర్యాప్తు గురించి 1999లో వెలువడిన మాక్‌ఫర్సన్ నివేదిక, దురుద్దేశం లేకున్నా ఆలోచనారాహిత్యం వల్ల, మూస అభిప్రాయాల వల్ల సంస్థ పనితీరులోనే జాతివివక్ష కనిపించవచ్చని, అదే సంస్థాగత జాతివివక్ష అని చెప్పింది. మరి నిబంధనలోనే ఫలానా వారని బాహాటంగా రాసినప్పుడు దానిని నేరుగా వివక్ష అనాలా, సంస్థాగతమనీ అనవచ్చా, లేక ఆ మాట పోలీసు, ప్రభుత్వ శాఖల వంటి వాటికే పరిమితమా? సర్వసభ్య సమావేశంలో లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపదలచాను కనుక, చట్టం గానీ సామాజికశాస్త్రం గానీ చదివినవారు దయచేసి వివరించగలరు.