చుడీదార్ మీదకు, చీర మీదకు స్నీకర్లు ఎలా కుదురుతాయి?

ప్రశ్న: బ్రాడీపేట నివాసి

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ, రోజూ రైల్లో విజయవాడ వెళ్లి గవర్నర్‌పేటలోని ఒక కార్యాలయంలో పని చేస్తున్నాను. మూడు నెలలుగా పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఎడమ మడమలో సూది దిగినట్లు నొప్పి వస్తోంది. ఎముకల డాక్టరు గారు పరీక్షించి, అరికాలి పొడవునా ఉండే పట్టీ లాంటి కండరబంధం దెబ్బతిన్నదని, పలుచని అట్టలాంటి చెప్పులు మానేసి, మడమ కింద మెత్తగా, పాదం వంపు కింద ఆసరాగా ఉండే బూట్లు వాడమని చెప్పారు. బీసెంట్ రోడ్డులో బూడిద రంగు వాకింగ్ షూస్ కొనుక్కున్నాను. నొప్పి నిజంగానే తగ్గుముఖం పట్టింది.

ఇబ్బందల్లా నా దుస్తులతోనే. నా దగ్గర ఎక్కువగా మంగళగిరి నూలు కుర్తాలు, వాటి మీదకు చుడీదార్లు, లెగ్గింగ్స్, నాలుగు పలాజోలు ఉన్నాయి. వారానికి రెండు రోజులు చీర కడతాను. ఈ బూట్లు వేసుకొని అద్దం ముందు నిలబడితే, నడుము పైన ఒకరు, నడుము కింద మరొకరు ఉన్నట్లు కనిపిస్తోంది. కొత్తగా బట్టలన్నీ కొనే స్తోమత నాకు లేదు. ఉన్నవాటినే కొద్దిగా మార్చుకొని, కార్యాలయంలో హుందాగా కనిపించేలా ఈ బూట్లు వాడే మార్గం చెప్పగలరా? ఆదివారాల్లో పిల్లలను ఆటలకు తీసుకెళ్లేటప్పుడు జాగర్స్, టీషర్టు వంటివి వేసుకోవాలని కూడా ఉంది. మన ఎండలకు ఏ గుడ్డ మంచిదో తెలియదు. మరొక చిన్న విషయం: బూటు లోపల మెట్టెలు ఒరుసుకొని వేలి పక్కన పుండు పడుతోంది. వాటిని తీయడం నాకు ఇష్టం లేదు.

జవాబు: అరండల్‌పేట కుట్టుపని

అమ్మా, మీ బూట్లలో ఏ లోపమూ లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆడవాళ్ల దుస్తులు కుడుతున్నాను కాబట్టి నా కంటికి కనిపించేది చెబుతాను. తేడా అంతా ప్యాంటు అంచు ఎక్కడ ఆగుతోంది అన్నదాంట్లోనే ఉంది. మీ ప్యాంట్లన్నీ చెప్పులు తొడుక్కున్న కాలికి కొలిచి కుట్టినవి. చెప్పు వేసుకుంటే పాదం పైభాగమంతా తెరిచి ఉంటుంది కనుక, అంచు కాస్త పైకి ఉన్నా, కిందికి జారినా కంటికి అడ్డు తగలదు. బూటుకు అలా కాదు, దానికొక మెడ ఉంటుంది. ఆ మెడ మీదకు గుడ్డ వచ్చి కుప్పపడిందంటే, బూటు ఎంత ఖరీదైనదైనా కాలు పొట్టిగా, పాదం బరువుగా కనిపిస్తుంది. చుడీదారు ముడతలు గాజుల్లా చీలమండ దగ్గర చేరడమే దాని అందం, కానీ ఆ ముడతలకూ బూటు మెడకూ ఒకే చోటు కావాలి. అందుకే స్నీకర్ల మీదకు చుడీదారు కుదరదని నేను మొహమాటం లేకుండా చెప్పేస్తాను. వాటిని చెప్పుల రోజులకు దాచుకోండి.

ఆ స్థానంలో తిన్నని ప్యాంట్లు రెండు కుట్టించుకుంటే మీ కుర్తాలన్నింటికీ సరిపోతాయి. ఒకటి గోధుమవన్నె, ఒకటి నలుపు. బాటమ్ చుట్టుకొలత 13 లేదా 14 అంగుళాలు పెట్టించండి. అంతకన్నా బిగువుగా ఉంటే పాదం దూరదు, మరీ వదులైతే బూటు మీద గంటలా ఊగుతుంది. కొలత ఇచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆ బూట్లు తొడుక్కునే దుకాణానికి వెళ్లండి. మీరు నిటారుగా, ఎదురుగా చూస్తూ నిలబడాలి, సుద్దగీత వేరొకరు పెట్టాలి. మీరే వంగి చూసుకుంటే ప్యాంటు వెనుక పైకి లేచి కొలత తప్పుతుంది. బూటు మెడకు ఒక అంగుళం నుంచి అంగుళంన్నర పైన అంచు ఆగాలి. చీలమండ దగ్గర ఆ కాస్త చోటు ఖాళీగా కనిపించినప్పుడే కాలు ఎక్కడ ముగిసిందో, బూటు ఎక్కడ మొదలైందో కంటికి తెలుస్తుంది. నూలు గుడ్డయితే ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరబెట్టాకే కొలవమనండి, లేదంటే మొదటి ఉతుకులోనే ఆ అంగుళం రెండంగుళాలవుతుంది. లోపలికి మడిచే గుడ్డ రెండంగుళాలు ఉంచి చేతికుట్టు వేయిస్తే, రేపు వేరే బూట్లు కొన్నప్పుడు విప్పి దించుకోవచ్చు.

పలాజోల సంగతి దీనికి పూర్తిగా తిరుగు. అక్కడ అంచు బూటును కప్పాలి, ముందు వేళ్ల భాగం మాత్రమే బయటికి రావాలి, వెనుక మడమ దగ్గర నేలకు అర అంగుళం ఎత్తులో ఉండాలి. మీరు రైలు ఎక్కి దిగేవారు కాబట్టి ఈ అర అంగుళం విషయంలో ఏమరకండి. పిక్కల సగం దాకా వచ్చే పొట్టి పలాజో మీదకు మాత్రం ఈ బూట్లు నప్పవు. గుడ్డ వెడల్పుగా ఒకచోట ఆగి, బూటు వెడల్పుగా మరొకచోట మొదలై, మధ్యలో కాలు సన్నగా తెగినట్లు కనిపిస్తుంది.

కుర్తా మోకాలి దాకా గానీ, దానికి రెండంగుళాల కింద దాకా గానీ ఉంటే చాలు. పొడుగు కుర్తాలు ఉంటే వాటిని కత్తిరించవద్దు. పక్క కట్స్ మరి మూడు నాలుగు అంగుళాలు పైకి తీయిస్తే నడిచేటప్పుడు ప్యాంటు గీత కనిపిస్తుంది, అడుగు కూడా సాఫీగా పడుతుంది. చున్నీని రెండు భుజాల మీదా మడతలు పెట్టి పిన్నులు కొట్టకుండా, ఒక భుజం మీద వదిలేయండి. బూడిద రంగు బూటు మంగళగిరి నిజాం అంచు కుర్తాకు చక్కగా ఒదుగుతుంది. ఆ గుడ్డ గుంటమగ్గం మీద చిక్కగా నేసింది కాబట్టి తిన్నగా నిలబడుతుంది, ఒంటికి అతుక్కోదు. స్నీకర్లకు కావలసింది సరిగ్గా అలాంటి గుడ్డే.

జవాబు: మొగల్రాజపురం అధ్యాపకురాలు

చీర గురించి నేను చెబుతాను. ఆరేళ్లుగా కళాశాలకు చీర మీద స్నీకర్లతోనే వెళుతున్నాను, రోజుకు నాలుగు గంటలు నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం నాది.

మొదట బూట్లు తొడుక్కోండి, ఆ తరువాతే లంగా నాడా ముడివేసి చీర మొదలుపెట్టండి. చాలామంది వట్టి కాళ్లతో కట్టుకొని చివర్లో బూట్లు వేసుకుంటారు. బూటు అడుగు మనిషిని ఒక అంగుళం పైకి లేపుతుంది కనుక, నేలకు సరిగ్గా తాకేలా కట్టిన చీర అప్పుడు ఎటూ కాకుండా వేలాడుతుంది. చీర అంచు చీలమండ ఎముక కిందివరకు దిగాలి. కుచ్చిళ్లు మాత్రం పక్కల కన్నా అర అంగుళం ఎత్తులో ఉంచుకోవాలి. చెప్పు వేసుకున్నప్పుడు బొటనవేలు కుచ్చిళ్లను తెలియకుండానే పక్కకు నెట్టేస్తుంది, బూటు ముందు భాగం మొద్దుగా ఉండటం వల్ల కుచ్చిళ్ల కిందికి దూరి తొక్కేస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు నేను ఒకసారి అలాగే బోర్లా పడబోయాను. లేసుల చివరలు బూటు లోపలికి దోపుకోండి. అతుకుడు పట్టీ ఉన్న బూట్లు చీర మీదకు వద్దే వద్దు, ఆ గరుకు భాగం ఫాల్ దారాలను లాగి పీచులు చేస్తుంది.

మంగళగిరి నూలు చీర, పెడన కలంకారీ అచ్చుల నూలు చీర, సన్నగళ్ల చీర, ఇవి మూడూ స్నీకర్లతో కలిసిపోతాయి. కంచిపట్టు మీద ఈ బూట్లు వేసిన ఫొటోలు ఈ మధ్య చాలా కనిపిస్తున్నాయి గానీ, నా కంటికి అవి ఆనలేదు. పట్టు మెరుపు చూపంతటినీ తన మీదే నిలుపుకుంటుంది, దాని పక్కన రబ్బరు అడుగు అతికించినట్లే ఉంటుంది.

మా స్టాఫ్‌రూమ్‌లో మొదట్లో ఒక పెద్దాయన ఇవి మగపిల్లల ఆట బూట్లు కదా అన్నారు. ఆ మాట మీరూ వినవలసి రావచ్చు కాబట్టి కొంచెం చరిత్ర రాస్తాను. 1980 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరంలో బస్సులు, మెట్రో రైళ్ల సిబ్బంది 11 రోజులు సమ్మె చేశారు. ఉద్యోగినులు వంతెనలు దాటి కార్యాలయాలకు నడిచి వెళ్లవలసి వచ్చింది. అప్పుడు వారు ఆఫీసు దుస్తుల మీదకే ఆట బూట్లు తొడుక్కొని, మడమ ఎత్తు బూట్లను సంచిలో పెట్టుకొని నడిచారు. సమ్మె ముగిసినా ఆ అలవాటు పోలేదు. 1982లో రీబాక్ సంస్థ ఆడవాళ్ల ఏరోబిక్స్ కోసమే ఫ్రీస్టైల్ అనే బూటును తీసుకొచ్చింది, వ్యాయామశాలతో పాటు వీధుల్లోనూ దాన్ని తొడిగారు. రోజూ రైలు దిగి పనికి నడిచే ఉద్యోగిని కాలికి స్నీకరు రావడం ఈనాటి వింత కాదు.

జవాబు: ఆదివారం పరుగు

ఆదివారం దుస్తుల గురించి అడిగారు. నేను విజయవాడలోనే ఉంటాను, వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతాను. లేబుల్ మీద గుడ్డ పేరు చదవకుండా ఏదీ కొనకండి. సాగే బట్టల్లో చాలావాటిలో స్పాండెక్స్ ఉంటుంది. దీన్ని 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించారు, మనం లైక్రా అని పిలుచుకునేది దీన్నే. అది కొద్ది పాళ్లలోనే ఉంటుంది. మిగతాది ఏ రకం దారం అన్నదే మీకు ముఖ్యం. పాలిస్టరు చెమటను పీల్చుకోదు, గుడ్డ పైకి పాకించి ఆరబెడుతుంది. పరుగుకు అది మంచిదే, కానీ చెమట వాసనను పట్టి ఉంచుతుంది. నూలు చెమటను పీల్చుకొని తడిగా బరువెక్కుతుంది గానీ, మెల్లగా నడిచేవారికి, పిల్లలను ఆడిస్తూ నీడలో కూర్చునేవారికి ఒంటికి అదే హాయి. మన కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, మీ అవసరానికి నూలు ఎక్కువగా ఉండి కొద్దిగా లైక్రా కలిసిన జాగర్స్ నేను సూచిస్తాను. అడుగున పట్టీ ఉన్న జాగర్స్ అయితే ఆ పట్టీ చీలమండ ఎముక మీద కూర్చోవాలి. పైన తుంటిని కప్పే పొడుగు టీషర్టు, బొత్తాలు విప్పి వేసుకున్న నూలు చొక్కా ఉంటే పిల్లల మైదానం నుంచి నేరుగా రైతుబజారుకు వెళ్లినా ఇబ్బందిగా ఉండదు. పైనా కిందా రెండూ వదులువి గానీ, రెండూ బిగువువి గానీ కాకుండా చూసుకుంటే చాలు.

ఉతికేటప్పుడు వేడినీళ్లు, బ్లీచింగు వాడవద్దు, కాగిన ఇస్త్రీపెట్టె పెట్టవద్దు. స్పాండెక్స్ సాగుడు పోతే తిరిగి రాదు. గుడ్డ మెత్తబడటానికి వాడే ద్రవం పాలిస్టరు మీద పూతలా పేరుకొని, చెమట ఆరే గుణాన్ని తగ్గిస్తుంది.

జవాబు: పాదరక్షల దుకాణంలో పని

రెండు మాటలు మాత్రమే. బూట్లు సాయంత్రం పూట కొనండి, పగలంతా నడిచాక పాదం కొంత ఉబ్బుతుంది. మీరు వాడబోయే సాక్సుతోనే తొడిగి చూసి, అన్నింటికన్నా పొడవైన వేలికీ బూటు కొనకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఆడవాళ్ల బూట్లు సాధారణంగా ముందు భాగం సన్నగా వస్తాయి. ఇరుకైతే సైజు పెంచకుండా, వెడల్పు ఎక్కువ ఉన్న రకం అడగండి. పొడవు పెరిగితే మడమ వెనుక జారుతుంది, మీ నొప్పికి అది మంచిది కాదు. అందం కోసం చదునైన కాన్వాసు బూటు వైపు కూడా ఇప్పుడే వెళ్లకండి, దాని అడుగులో వంపుకు ఆసరా ఉండదు.

రెండవది, మంచి బూట్లను డబ్బాలో దాచిపెట్టవద్దు. నా చెల్లెలు పెళ్లిలో వచ్చిన జతను మూడేళ్లు బీరువాలో ఉంచి, తీసి వేసుకున్న రోజే అడుగు మెట్ల మీద మట్టిబెడ్డలా రాలిపోయింది. పాలీయురేథేన్ అడుగు గాలిలోని తేమకు లోలోపల విడిపోతుంది, వాడకుండా ఉంచినంత మాత్రాన అది ఆగదు. తెల్ల బూట్లు కడిగితే తెల్లకాగితం కుక్కి నీడలో ఆరబెట్టండి, తడి మీద ఎండ తగిలితే పసుపు పడతాయి.

జవాబు: కృష్ణలంక పెద్దమ్మ

అమ్మాయ్, మెట్టెలు తీయనక్కరలేదు. నేను పదేళ్లుగా మెట్టెలతోనే బూట్లు వేసుకొని పొద్దున నడుస్తున్నాను. పువ్వులు, పూసలు ఉన్నవాటిని పండుగలకు ఉంచుకొని, మామూలు రోజులకు ఏ గుబ్బా లేని సన్నని చుట్టు మెట్టెలు చేయించుకో. చుట్టు కొసలు వేలి అడుగుకు కాకుండా పైవైపుకు తిప్పుకోవాలి, కొసలు కంసాలి చేత నున్నగా సానపట్టించాలి. నీకు పుండు పడుతున్నది ఆ కొస వల్లనే అయి ఉంటుంది. వేళ్లకు విడివిడిగా అరలున్న సాక్సులు ఇప్పుడు దొరుకుతున్నాయి, మెట్టెకూ పక్క వేలికీ మధ్య గుడ్డ అడ్డుగా ఉంటుంది. పుండు పూర్తిగా మానేవరకు మాత్రం ఆ ఒక్క మెట్టెను పక్కన పెట్టు, తప్పేమీ లేదు. పట్టీలను సాక్సు లోపలికి పోనివ్వకు, మువ్వ చర్మంలోకి నొక్కుకుంటుంది. బూటు మెడ కిందికి దాగే పొట్టి సాక్సు వేసుకుంటే పట్టీ పైన విడిగా ఉంటుంది, చూడటానికీ ముచ్చటగా ఉంటుంది.

శ్రావణమాసంలో కాళ్లకు పసుపు రాసుకున్న రోజు ముదురు రంగు సాక్సు వేసుకో. తెల్లదానికి అంటితే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, కంగారు పడకుండా ఉతికి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో పోతుంది.

బ్రాడీపేట నివాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న బూట్లు తొడుక్కునే దర్జీ దగ్గరికి వెళ్లాను. చూస్తే నా పాత నల్ల ప్యాంటు ఒకటి బూటు మెడ మీద రెండంగుళాలు కుప్పపడి ఉంది. దాన్ని పైకి మడిచి గుండుసూదులు పెట్టించి అద్దంలో చూసుకున్నాను, కుర్తా అదే, బూట్లూ అవే, మనిషి మాత్రం ఒక్కటిగా కనిపించింది. కొత్తగా గోధుమవన్నె ప్యాంటు ఒక్కటే ఇచ్చాను, గుడ్డ తడిపే కొలవమన్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఎత్తు కుచ్చిళ్లు పెట్టినప్పుడు లోపలి లంగా అంచు ముందుకు కనిపిస్తోంది. లంగా కూడా కురచ చేయించాలా?

మొగల్రాజపురం అధ్యాపకురాలు

అవునండీ, చీర అంచు కన్నా లంగా రెండంగుళాలు పైన ఉండాలి. కత్తిరించకుండా, అడుగున చుట్టూ ఒక మడత పట్టి కుట్టిస్తే చాలు. ఆ మడత బరువుకు లంగా కాళ్ల మధ్యకు చుట్టుకోకుండా తిన్నగా వేలాడుతుంది.