మాలకాకి బొమ్మ వెండి గరిటె: చేతిపనా, అచ్చుపనా?

సియాటిల్_శారద: ఇక్కడ పాతసామాన్ల అమ్మకంలో వడ్డించే గరిటె, ఫోర్కు కొన్నానండీ. మెలితిప్పిన కాడలు, చివర మాలకాకి ముఖం. అలాస్కా ఆదివాసులైన ట్లింగిట్ల పనట. గరిటె మీద ముద్ర లేదు. మోసపోయానా?

కంసాలి_వీధి: ముద్ర లేదని బెంగ వద్దు, ఆ రోజుల్లో చాలామంది పేరు చెక్కలేదు. భూతద్దం తీసుకోండి. ఉలి గీత నాగలి చాలులా ఉంటుంది, అంచు పదునుగా తెగి, మొదట సన్నంగా, నడుమ లోతుగా. అచ్చు గీతకి అంచులు మెత్తన. రెండు వస్తువుల మీదా కాకి కన్ను అచ్చుగుద్దినట్టుంటే అనుమానించాల్సిందే. మా నాన్నగారు కరీంనగర్ తీగపని మనిషి. ఆయన చెక్కడపు పనిని ముందు వేలితో తడిమేవారు, తర్వాతే చూసేవారు.

పాతనాణెం: ఆ వెండి ఎక్కువగా డాలరు నాణేలది. ఒక్కోటి 26.73 గ్రాములు, 90 శాతం వెండి. సాగగొట్టి చెక్కేవారు. 1867లో అలాస్కా అమెరికా చేతికొచ్చింది, 1880ల్లో ఆవిరి ఓడల్లో యాత్రికులు అక్కడి సిట్కా అనే రేవు ఊరికి ఎగబడ్డారు. కంకణాలు, చెంచాలు వాళ్ళకే అమ్మేవారు. సిట్కాలో రుడాల్ఫ్ వాల్టన్ పేరున్న పనివాడు. అంతకుముందు నుంచీ కొండమేక కొమ్ముతో చెంచాలు చేసుకునేవారు, ఆ కాడల మీద చెక్కడం చూస్తే వెండి పని చిన్నబోతుంది, నా మటుకు.

గోదారి_గట్టు: మాలకాకి ఊరికే అందానికి కాదండోయ్. ట్లింగిట్లలో మాలకాకి వాళ్ళు, గద్ద వాళ్ళు అని రెండు పక్షాలు. ఒకే పక్షంలో పెళ్ళి కూడదు. మన సగోత్రం లాంటిదే, కాకపోతే అక్కడ తల్లి వైపు నుంచి వస్తుంది.

సియాటిల్_శారద: ఒక ఘోరం చెప్పాలి. మా అత్తయ్యగారు నిన్న గరిటెని విబూదితో తళతళా తోమేశారు.

కంసాలి_వీధి: అయ్యో! గీతల్లో నలుపు ఉంటేనే బొమ్మ లేచి కనిపిస్తుంది. ఇక ఆపండి, మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. రుద్దినకొద్దీ గీత అరిగిపోతుంది.

సియాటిల్_శారద: భూతద్దం పెట్టాను. గరిటె గీతలు మీరన్నట్టే, చాలులా. ఫోర్కు వెనక మాత్రం స్టెర్లింగ్ (అంటే 92.5 శాతం వెండి) అని చిన్న ముద్ర, గీతలన్నీ నున్నన. వేరువేరువి జత కట్టి అమ్మేశాడు!

పాతనాణెం: స్టెర్లింగ్ ముద్ర ఒక్కటే చూసి తీసెయ్యకండి, దుకాణంలో కొన్న తయారీ చెంచాల మీద చేత్తో చెక్కినవీ ఉన్నాయి. కానీ గీతలు నున్నన అంటున్నారుగా, అయితే అచ్చుదే.

సియాటిల్_శారద: ఇప్పుడీ ఫోర్కుని ఏం చెయ్యను?

గోదారి_గట్టు: అత్తయ్యగారికి ఇవ్వండి, తోముకుంటారు.