వరదలో గోదావరి లంకకు మందులు పంపడానికి పిచికారీ డ్రోన్ పనికొస్తుందా?

లంకచేను:
మా మహిళా సంఘానికి నమో డ్రోన్ దీదీ అనే కేంద్ర పథకం కింద 10 లీటర్ల పిచికారీ డ్రోన్ వచ్చింది. పైలట్ సర్టిఫికెట్ ఉన్నావిడ ఊళ్లోనే ఉంటారు. గోదావరి పొంగితే కాజ్‌వే మునిగిపోతుంది, ఉద్ధృతి పెరిగితే పడవలూ ఆపేస్తారు. పాయ వెడల్పు 800 మీటర్లు. అవతలి లంకకు ఇన్సులిన్, బీపీ మాత్రలు, ఓఆర్‌ఎస్ పంపొచ్చా? అన్నం పొట్లాలు కూడా?

ఆరురెక్కలు:
పంపొచ్చండి, కానీ ట్యాంకులో పెట్టి మాత్రం కాదు. ఎంత కడిగినా పైపుల్లో, నాజిళ్లలో పురుగుమందు మిగులుతుంది, గాల్లో ఊగినప్పుడు చుక్కలు కారుతుంది. ట్యాంకు, పైపులు, నాజిళ్లు మొత్తం విప్పేయండి. డ్రోన్ చేతులు, కాళ్లు సబ్బునీళ్లతో తుడవండి. మందులకు రెండు పొరల ప్లాస్టిక్ కవరు వేసి, రెండు ఖాళీ నీళ్ల సీసాలు మూత బిగించి కట్టండి. నీళ్లలో పడినా తేలుతుంది.

బరువు 4 కిలోలు దాటనివ్వొద్దు. డ్రోన్ సరిగ్గా నడిమధ్య నుంచి 6 మీటర్ల నైలాన్ తాడు, కొసన బరువు నేలకు ఆనగానే దానంతటదే వదిలేసే హుక్. ఇక్కడే ఎక్కువ ప్రమాదాలు. కింద ఉన్నవాళ్లు ఆత్రంగా తాడు పట్టుకు లాగుతారు, డ్రోన్ ఒరిగి వాళ్ల మీదే పడుతుంది. పొట్లం నేలకు తగిలి హుక్ ఊడేదాకా ఎవరూ దగ్గరికి రాకూడదని లంకలో ఒకరికి ముందే నేర్పించి, వాకీటాకీ ఇవ్వండి. వరదలో సెల్ టవర్లను నమ్ముకోలేం. అంత దూరాన డ్రోన్ ఇవతలి గట్టు నుంచి సరిగా కంటికి ఆనదు కాబట్టి చూసి చెప్పేది కూడా ఆయనే. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ తాడు ఎగిరి రెక్కల్లో చుట్టుకుంటుంది. హుక్ పైన 200 గ్రాముల ఇనుప ముక్క శాశ్వతంగా కట్టి ఉంచండి.

నీటి మీద ఎత్తు కొలిచే రాడార్ తికమకపడుతుంది. నేల ఎత్తును అనుసరించే మోడ్ ఆపేసి, మాన్యువల్‌లో నడపండి. కొబ్బరిచెట్టు 20–25 మీటర్లు, కింద తాడు 6 మీటర్లు. అందుకని రిటర్న్ ఎత్తు, అంటే డ్రోన్ తనంతట తాను తిరిగొచ్చే ఎత్తు, 40 మీటర్లు పెట్టండి. పడవ మీంచి ఎగరేయొద్దు. పడవ కదిలిపోయినా హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగొచ్చి దిగే చోటు) నీళ్లలో ఉండిపోతుంది, పడవ ఇనుముకు దిక్సూచి తప్పుతుంది.

వెళ్లేటప్పుడు సెకనుకు 4 మీటర్లు, వచ్చేటప్పుడు 6. దింపడంతో కలిపి సుమారు 7 నిమిషాలు. నిండు బ్యాటరీతోనే బయల్దేరండి, 30 శాతం మిగిలుండగానే దిగిపోవాలి. కరెంటు ఉండదు కనుక జనరేటర్ కావాలి: 16,000 ఎంఏహెచ్ 6ఎస్ (ఆరు సెల్లుల) బ్యాటరీ ప్యాకు గంటలో ఎక్కాలంటే సుమారు 400 వాట్లు, రెండు ప్యాకులకు 800. తడిసిన ప్యాకును, వేడి తగ్గని ప్యాకును ఛార్జింగ్ పెట్టొద్దు.

మందులపెట్టె:
అన్నం పొట్లాల మాటకొస్తే, ఒకటి 400 గ్రాములనుకుంటే విడతకు పదే పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు విజయవాడలో డ్రోన్లతో ఆహారం పంపారు, కానీ అక్కడ డ్రోన్లు చాలా తిరిగాయి. మీ ఒక్క డ్రోన్‌ను మందులకే ఉంచండి. ఇన్సులిన్ ఐసు గడ్డకు నేరుగా తగిలితే గడ్డకట్టి పనికిరాదు. మధ్యలో గుడ్డ చుట్టండి. పాముకాటు మందు మాత్రం పంపొద్దు. వికటిస్తే ప్రాణం నిలపడానికి పక్కన డాక్టరు ఉండాలి, కాబట్టి మనిషినే ఆస్పత్రికి తేవాలి.

గట్టుకాపలా:
ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో పచ్చరంగున్న గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల లోపు అనుమతి అక్కర్లేదు. అయినా తహసీల్దారుకు, కలెక్టరేట్ కంట్రోల్ రూంకు ముందే చెప్పండి. సహాయక హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో వస్తాయి. చప్పుడు వినగానే దించేయాలి. డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ఇచ్చే ధ్రువపత్రం) ఏ అమరికకు ఇచ్చారో అదే లెక్క, కాబట్టి హుక్ బిగించే ముందు తయారీదారు నుంచి కాగితం మీద ఒప్పుదల తీసుకోండి. బీమా వాళ్లనూ అడగండి. ఇవన్నీ ఎండాకాలంలోనే చేసి, ఇసుక మూటతో పదిసార్లు అభ్యాసం చేయించండి. భద్రాచలంలో 43 అడుగులకు ఒకటో హెచ్చరిక రాగానే బ్యాటరీలు నింపడం మొదలుపెడితే, ఆ నీరు ధవళేశ్వరం చేరేసరికి మీరు సిద్ధంగా ఉంటారు.

లంకచేను:
చాలా మేలు చేశారండీ. గాలి ఎంత ఉంటే ఆపేయాలి?

ఆరురెక్కలు:
వేలాడే బరువుతో సెకనుకు 6 మీటర్లు దాటితే వద్దండి. పొట్లం ఊగడం మొదలైతే వెనక్కి తిప్పకండి, ఊపు ఇంకా పెరుగుతుంది. కదలకుండా గాల్లో నిలపండి, దానంతటదే తగ్గుతుంది.