వైరస్ చస్తుందా, ఊరికే పాడైపోతుందా?

అనువాదకురాలు:
ఆరోగ్యం మీద ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. "సబ్బుతో కడిగితే వైరస్ చచ్చిపోతుంది" అని రాశాను. సరిచూసేవారు "చావడానికి దానికి ప్రాణమెక్కడిది?" అంటూ కొట్టేసి "నిష్క్రియమవుతుంది" అని పెట్టారు. చదువుతుంటే నాకే నోరు తిరగడం లేదు. ఏది ఉంచమంటారు?

వ్యాకరణం పిచ్చి:
"చచ్చిపోతుంది" ఉంచండి. తెలుగులో చావడానికి ప్రాణం ఉండి తీరాలనే రూలేమీ లేదు. ఆకలి చచ్చిపోతుంది, కాలు చచ్చుబడుతుంది, ఫోన్ బ్యాటరీ చచ్చిపోతుంది. వీటిలో ఏది జీవి? పైగా క్రియని బట్టి కూడా తేలదు. ఆవూ వచ్చింది, వానా వచ్చింది. మనిషి కాకపోతే చాలు, అన్నీ "అది"లోకే పోతాయి.

ఒక చిన్న తేడా మాత్రం ఉంది. ప్రాణం లేనిదైతే "పుస్తకం చదివాను" అని "ని" లేకుండా అనేస్తాం. ప్రాణమున్నదైతే "పిల్లిని చూశాను" అనాల్సిందే. మరి "సబ్బు వైరస్‌ని చంపుతుంది" అంటాం గానీ "సబ్బు వైరస్ చంపుతుంది" అనం. అంటే మన చెవికి అది ప్రాణి కిందే లెక్క. అయితే "చేపలు పట్టాడు" అనేటప్పుడు "ని" ఏమైపోయిందని అడగకండి, ఈ పరీక్షకి చిల్లులున్నాయి.

బయాలజీ మాస్టారు:
వ్యాకరణం సంగతి అలా ఉంచండి, ఆ వాక్యంలో అసలు తప్పు వేరే ఉంది. కరోనా, ఫ్లూ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని చీల్చేస్తుంది. పోలియో వైరస్‌కి ఆ పొరే లేదు. సబ్బు దాన్ని పెద్దగా ఏమీ చేయదు, చేతి మీది నుంచి వదిలిస్తే నీళ్లతో కొట్టుకుపోతుంది, అంతే. చచ్చినా చావకపోయినా చేయి శుభ్రపడుతుందనుకోండి.

ఇక ప్రాణం గురించి. ఈ తగువు వైరస్ దొరికిన నాటిదే. 1898లో బైయరింక్ అనే శాస్త్రవేత్త పొగాకు తెగులు మీద పనిచేస్తూ, వడపోతకి దొరకని ఆ రసాన్ని ప్రాణమున్న అంటు ద్రవం అన్నాడు. 1935లో స్టాన్లీ అనే మరో శాస్త్రవేత్త అదే పొగాకు వైరస్‌ని సూదుల్లాంటి స్ఫటికాలుగా తీశాడు. ఉప్పులాగా, పంచదారలాగా సీసాలో పెట్టి దాచుకోవచ్చు. మళ్లీ నీళ్లలో కలిపి ఆకు మీద రుద్దితే తెగులు వస్తుంది! 1946లో ఆయనకి నోబెల్ ఇచ్చింది వైద్యంలో కాదు, రసాయనశాస్త్రంలో.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అది కణంలోకి దూరాక జరిగేది. బ్యాక్టీరియా అయితే పెరిగి రెండుగా చీలుతుంది. వైరస్ పెరగదు. లోపలికి వెళ్లగానే విడిపోతుంది. ఆ తర్వాత కాసేపు కణాన్ని పగలగొట్టి వెతికినా ఒక్క పూర్తి వైరస్ కూడా దొరకదు. మిగిలింది జన్యుపదార్థం, అంటే ఒక రాత. ఆ రాత చూసి కణమే విడిభాగాలు తయారుచేస్తుంది, అవి కూడుకుని వందల కొద్దీ బయటపడతాయి. కాబట్టి "పిల్లలు పెట్టింది" అనకండి, "అచ్చయింది" అనండి.

అనువాదకురాలు:
అయితే మాస్టారూ, రెండో పేజీలో "వైరస్ అనే సూక్ష్మజీవి" అని రాశాను. అదీ పోయినట్టేనా?

బయాలజీ మాస్టారు:
అది మాత్రం తీసేయండమ్మా. "చచ్చిపోయింది" మాటవరస, "జీవి" అంటే వర్గీకరణ. ఆ మాటతో తగువు మీరే తీర్చేసినట్టవుతుంది. బయట పడి ఉన్న రేణువుని జీవి అనడానికి నాకు మనసొప్పదు. వైరస్ పట్టిన కణాన్ని చూస్తే మాత్రం ఒప్పేసుకోవాలనిపిస్తుంది. అన్నట్టు మిమివైరస్ అని ఒకటుంది. 1992లో దొరికినప్పుడు బ్యాక్టీరియా అనుకున్నారు, వైరస్ అని 2003లో తేలింది. 2008లో ఆ జాతి వైరస్‌నే సతాయించే మరో బుల్లి వైరస్ దొరికింది. తనకే జబ్బు చేసేదాన్ని జడం అనడం ఎలాగో నాకూ తెలియడం లేదు.

పాత పదాల పెట్టె:
లాటిన్‌లో "వైరస్" అంటే విషమే. సంస్కృత "విషం", ఆ మాట ఒకే మూలం నుంచి వచ్చినవి. మన పేపర్లు "విషజ్వరాలు" అని రాసిన ప్రతిసారీ ఆ పాత చుట్టరికం కలుస్తూనే ఉంది. విషానికి చావు ఉండదు, విరుగుడు ఉంటుంది.

"నిష్క్రియం" కన్నా "నిర్వీర్యం" మేలు. వీర్యం అంటే బలం, సత్తువ. బాంబుని నిర్వీర్యం చేశారంటే అది చచ్చిందని కాదు, ఇక పేలదని. టీకాల దగ్గర కూడా ఇదే పనికొస్తుంది. పోలియో ఇంజక్షన్‌లోది ఫార్మాలిన్‌తో నిర్వీర్యం చేసిన వైరస్, చుక్కల మందులోది బలం తగ్గించిన వైరస్. మొదటిది పెరగలేదు, రెండోది ఒంట్లో పెరుగుతుంది.

బయాలజీ మాస్టారు:
పెరగదండీ, అచ్చవుతుంది!

అనువాదకురాలు:
ఇలా మార్చి పంపాను: "సబ్బుతో రుద్ది కడిగితే కొన్ని వైరస్‌లు నిర్వీర్యమైపోతాయి, మిగిలినవి నీళ్లతో కొట్టుకుపోతాయి." ఈసారి సరిచూసేవారు "రుద్ది" కింద మాత్రమే గీత గీసి, "ఎంతసేపు?" అని రాసి పంపారు.