నోవహు జలప్రళయ కథను ఏ పద్ధతిలో చదవాలి?

అందరికీ నమస్కారం. మాది కందుకూరు, 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిశాం. తెలుగు ఎం.ఏ. తర్వాత ఇప్పుడు బైబిల్ చదువులో చేరాను. ఈ కథ ఉన్న ఆదికాండము (బైబిల్ మొదటి పుస్తకం) 6–9 అధ్యాయాల మీద ప్రాజెక్టు రాయాలి.

మూలాల విమర్శ (పాఠాన్ని ఏ పాత రచనల నుంచి కూర్చారో వెతకడం) చేసేవాళ్లు ఇందులో రెండు కథనాలు కలిశాయంటారు. 6:19లో ప్రతి జాతిలో రెండేసి జీవులు, 7:2లో పవిత్ర జంతువులు ఏడేసి. ఒకచోట వాన 40 రోజులు, ఇంకోచోట నీళ్లు 150 రోజులు ప్రబలాయి. ఒక భాగంలో ‘దేవుడు’, మరో భాగంలో ‘యెహోవా’. నాకైతే ఈ వాదన బలంగానే కనిపిస్తోంది. కానీ 1978లో గోర్డన్ వెన్‌హమ్ అనే బైబిల్ పండితుడు ఈ కథంతా అద్దంలో ప్రతిబింబంలా (మొదటి సగంలోని అంశాలే రెండో సగంలో తిరగేసిన వరుసలో) అమరిందనీ, 8:1లో దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకోవడమే దానికి నడిమధ్య అనీ చూపించాడు. కావ్యశిల్పం చదువుకున్నదాన్ని కదా, మనసు అటే లాగుతోంది!

కూర్పు ఎలా జరిగిందో వెతకడం, ఇప్పుడున్న పాఠాన్ని ఒకే కథగా చదవడం, ఈ రెండూ ఒకే ప్రాజెక్టులో పొసుగుతాయా? ముందు ఏది పెట్టాలి? మా గైడ్ గారు ఒకటే ఎంచుకోమంటున్నారు. మూలభాష హీబ్రూలో అక్షరాలు తప్ప ఇంకేం రాదు, అదో టెన్షన్. తెలుగు అనువాదం మీదే ఆధారపడి నిర్మాణ విశ్లేషణ చేస్తే నిలుస్తుందా? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లయితే వచ్చి కలుస్తాను కూడా.